విదేశీ పెట్టుబడి కట్టడాల్లో పని పట్టడం ఎలా: స్థానిక కాంట్రాక్టరుకు గైడు

వర్ధమాన దేశానికి విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి ఏ రంగంలో వచ్చినా తొలి ఖర్చుల్లో పెద్దది పునాదులు, కాంక్రీటు, స్టీలు మీదే. ఫ్యాక్టరీ షెడ్డు కావచ్చు, విద్యుత్ కేంద్రం, రేవు, హోటల్, డేటా సెంటర్ ఏదైనా కావచ్చు, మట్టిపని, సెంట్రింగ్, కార్మికుల సరఫరా చివరికి స్థానిక సంస్థ చేతికే వస్తాయి. అలాంటి పనిలో నష్టపోయిన వాళ్లలో చాలామంది పని చేతకాక నష్టపోలేదు. పెట్టుబడి డాలర్లలో వస్తుంది, కూలీకి మాత్రం వారం వారం స్థానిక కరెన్సీలో చెల్లించాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఎవరు మోస్తున్నారో సంతకానికి ముందు చూసుకోలేదు. ఈ గైడంతా ఆ దూరం గురించే.

ముందు, మీకు పని ఇస్తున్నది ఎవరు?

"విదేశీ కంపెనీ" అన్న మాట ఒకటే అయినా దాని వెనుక మూడు నాలుగు రకాల వాళ్లు ఉంటారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల పద్ధతిలో, ఒక సంస్థలో ఓటింగ్ హక్కు 10 శాతం లేదా అంతకు మించి ఉన్న విదేశీ మదుపరిని ప్రత్యక్ష పెట్టుబడిదారుగా లెక్కిస్తారు. నిర్మాణంలో ఇంకో మెలిక ఉంది. విదేశీ కాంట్రాక్టరు సైట్ ఒక ఏడాదికి మించి నడిచి, దానికి సొంత ఖాతాలు, స్థానిక పన్ను బాధ్యత లాంటివి ఉంటే దాన్ని శాఖగా, అంటే ప్రత్యక్ష పెట్టుబడిగా చూస్తారు. అంతకంటే చిన్న పనైతే అది సేవల దిగుమతి మాత్రమే. ఇది గణాంకాల గొడవే కదా అని దాటేయకండి. ఎవరు ఎంతకాలం ఇక్కడ ఉంటారో, మీ బాకీకి ఎవరి ఆస్తి జవాబుదారీయో ఇక్కడే తేలుతుంది.

శాఖతో ఒప్పందం చేసుకుంటే మాతృసంస్థతో చేసుకున్నట్టే. చట్టం దృష్టిలో రెండూ ఒకే వ్యక్తి. అనుబంధ కంపెనీ అయితే వేరే వ్యక్తి, దాని బాధ్యత దాని మూలధనం వరకే. ఒక్క ప్రాజెక్టు కోసమే పుట్టించిన కంపెనీ అయితే దాని దగ్గర భూమి లీజు, అనుమతులు, అప్పు ఒప్పందం తప్ప ఇంకేమీ ఉండదు. కట్టడం పూర్తయ్యేదాకా ఆదాయమూ ఉండదు. దాని ఆస్తులన్నీ రుణదాత బ్యాంకుకు తాకట్టులో ఉంటాయి కాబట్టి బాకీ వసూలు వరుసలో మీరు వెనుక. ఇలాంటి కంపెనీతో సంతకం చేసేటప్పుడు మాతృసంస్థ గ్యారంటీ అడగండి. ఇవ్వకపోతే కనీసం రెండు నెలల బిల్లుకు సరిపడే చెల్లింపు గ్యారంటీ అడగండి. అదీ కుదరదంటే ఆ నష్టభయానికి రేటులో చోటు ఉండాలి.

సంతకం చేసే మనిషికి అధికారం ఉందో లేదో చూపే బోర్డు తీర్మానం, పవర్ ఆఫ్ అటార్నీ, రిజిస్ట్రేషన్ పత్రం తీసుకోండి. విదేశంలో తయారైన పత్రమైతే దానికి అపోస్టిల్ గానీ రాయబార కార్యాలయ ధ్రువీకరణ గానీ ఉండాలి. ఇవి అడిగితే నొచ్చుకునే విదేశీ సంస్థ అరుదు. వాళ్లూ మిమ్మల్ని ఇవే అడుగుతారు.

డబ్బు నిజంగా ఉందా?

ఎంఓయూ (అవగాహన పత్రం) కుదిరింది, శంకుస్థాపన జరిగింది, పేపర్లో ఫొటో వచ్చింది. ఇవేవీ డబ్బు కాదు. అప్పుతో కట్టే ప్రాజెక్టులో రుణదాతలు పెట్టిన ముందస్తు షరతులు (భూమి, పర్యావరణ అనుమతి, కొనుగోలు ఒప్పందం, బీమా) అన్నీ తీరాకే తొలి విడత విడుదలవుతుంది. ఆ షరతులన్నీ తీరే దశనే ఫైనాన్షియల్ క్లోజ్ అంటారు. ఇది జరగకముందే "సమయం వృథా కాకూడదు, మనుషుల్ని దింపండి" అని ఒత్తిడి వస్తుంది. దింపితే మీ సొంత డబ్బుతో వాళ్ల ప్రాజెక్టుకు అప్పు ఇచ్చినట్టే. తప్పదనుకుంటే పరిమిత పని ఉత్తర్వు అడగండి. ఏ పని, ఎంత గరిష్ఠ మొత్తం, ఎన్ని రోజుల్లో చెల్లింపు, ప్రాజెక్టు ఆగితే ఏమిస్తారు అన్న నాలుగూ అందులో రాసి ఉండాలి.

ఫిడిక్ అంటే అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య, అది నమూనా నిర్మాణ ఒప్పందాలు ప్రచురిస్తుంది. దాని 1999 రెడ్ బుక్‌లో దీనికి పనికొచ్చే క్లాజు 2.4. కాంట్రాక్టరు అడిగిన 28 రోజుల్లోగా, చెల్లించేందుకు తన దగ్గర ఆర్థిక ఏర్పాట్లు ఉన్నాయని యజమాని సహేతుకమైన ఆధారం చూపాలి. చూపకపోతే 21 రోజుల నోటీసు ఇచ్చి పని ఆపవచ్చు, నెమ్మది చేయవచ్చు. ప్రత్యేక షరతుల్లో ముందుగా కొట్టేసే క్లాజుల్లో ఇదొకటి. ఎందుకు కొట్టేశారని అడిగి చూడండి. వచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది.

ఏ రంగు పుస్తకం?

విదేశీ పెట్టుబడి ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేవి ఫిడిక్ ఒప్పందాలు. 1999 నాటివి, 2017 నాటివి రెండూ ఇంకా వాడుకలో ఉన్నాయి. రెడ్‌లో డిజైన్ యజమానిది, చెల్లింపు కొలతల ప్రకారం. యెల్లోలో డిజైన్ కాంట్రాక్టరుదే. సిల్వర్ అంటే టర్న్‌కీ: ధర స్థిరం, తేదీ స్థిరం, నేల కింద ఏముందో తెలియని నష్టభయం కూడా దాదాపుగా కాంట్రాక్టరుదే. విదేశీ మదుపరికి, అతని బ్యాంకుకు సిల్వర్ అంటే ప్రీతి, ఎందుకంటే ఖర్చు ముందే తెలుస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. విదేశీ ప్రధాన కాంట్రాక్టరు యజమానితో సిల్వర్ కింద సంతకం చేసి, అవే షరతుల్ని మీ సబ్‌కాంట్రాక్టులోకి యథాతథంగా దించేస్తాడు. పైనున్న టర్న్‌కీ ధరలో అతను నేల నష్టభయానికి మార్జిన్ పెట్టుకున్నాడు, మీ యూనిట్ రేటులో ఆ మార్జిన్ లేదు. మట్టి పరీక్ష నివేదిక ఎవరిది, బోరు రంధ్రాలు ఎన్ని, ఎంత లోతు, రాయి తగిలితే రేటు ఎంత అన్నవి సబ్‌కాంట్రాక్టులో విడిగా రాయించండి. పైళ్లు, లోతు తవ్వకాలు ఉన్న పనిలో ఈ ఒక్క పేరా మీ లాభమంత విలువైనది.

నగదు లెక్క

ఇక్కడ కాస్త నిదానించాలి. లాభం ఉన్న పని కూడా మధ్యలో ఆగిపోయేది నగదు అడుగంటడం వల్లే.

కాంట్రాక్టు విలువ 1,000 అనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. పది నెలల పని, నెలకు 100 విలువ. మీ ఖర్చు నెలకు 92, అంటే లాభం మొత్తం మీద 80. అడ్వాన్సు 10 శాతం, ప్రతి బిల్లులో 10 చొప్పున తిరిగి కోస్తారు. రిటెన్షన్ (లోపాలు సరిదిద్దేదాకా యజమాని పట్టి ఉంచే సొమ్ము) ప్రతి బిల్లులో 10 శాతం, కాంట్రాక్టు విలువలో 5 శాతం చేరేదాకా. చెల్లింపు, ఇంజనీరుకు బిల్లు పత్రాలు అందిన 56 రోజుల్లో. ఇది ఫిడిక్ 1999లోని గడువే. అంటే మొదటి నెల పనికి డబ్బు మూడో నెల చివర వస్తుంది.

మూడో నెల చివరకు మీ ఖర్చు 276. చేతిలో అడ్వాన్సు 100. లోటు 176. అప్పుడు తొలి బిల్లు 80 వస్తుంది. ఆ తర్వాత నెలకు 92 పోతూ 80 వస్తుంది కాబట్టి లోటు ఏటవాలుగా పెరుగుతూనే ఉంటుంది. అయిదు బిల్లులకు రిటెన్షన్ నిండాక 90 చొప్పున వస్తాయి. పదో నెల చెల్లింపుకు ముందు లోటు శిఖరం 240. పన్నెండో నెల చివరకు గానీ ఖాతా సున్నా దాటదు. అప్పుడు చేతిలో ఉండేది 30, మిగతా 50 రిటెన్షన్‌లో ఇరుక్కుని ఉంటుంది.

అంటే, 8 శాతం లాభమున్న పనికి కాంట్రాక్టు విలువలో 24 శాతం నిర్వహణ పెట్టుబడి కావాలి. అది ఏడాదికి 18 శాతం వడ్డీకి తెస్తే వడ్డీయే దాదాపు 24 అవుతుంది. లాభంలో మూడో వంతుకు దగ్గర. ఒక్క నెల ఆలస్యమైతే లోటు శిఖరం మరో 90 పైకి పోతుంది.

ఈ పట్టిక మీ సొంత అంకెలతో వేసుకున్నాకే రేటు కోట్ చేయండి. దాన్ని బట్టి బేరమాడాల్సిన వరుస ఇది: మొదట చెల్లింపు గడువు (56 నుంచి 35కి తెస్తే లోటు బాగా దిగుతుంది), తర్వాత సైట్‌కు చేరిన సామగ్రికి పాక్షిక చెల్లింపు, తర్వాత రిటెన్షన్ బదులు గ్యారంటీ. అడ్వాన్సు పెంచమనడం చివరన. అడ్వాన్సుకు సమాన మొత్తంలో బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. ఆ గ్యారంటీకి బ్యాంకు మార్జిన్ డబ్బు అడిగితే, తీసుకున్న అడ్వాన్సులో కొంత మళ్లీ బ్యాంకులోనే బందీ అవుతుంది.

ఆలస్యపు వడ్డీ క్లాజు ఉంది కదా అని ధీమా పడకండి. ఫిడిక్ 1999లో ఆ వడ్డీ, చెల్లింపు కరెన్సీ ఏ దేశానిదో ఆ దేశ కేంద్ర బ్యాంకు డిస్కౌంట్ రేటుకు 3 శాతం పాయింట్లు అదనం. డాలర్ల భాగానికి డాలరు రేటు ప్రకారం వస్తుంది. మీరు స్థానిక బ్యాంకులో కట్టేది అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఆలస్యం మీకు నష్టం, అవతలివాడికి చవక అప్పు.

పై వాడికి డబ్బు వస్తేనే మీకు అన్న షరతు సబ్‌కాంట్రాక్టుల్లో మామూలు. పూర్తిగా తీసేయించడం కష్టం. దానికి గరిష్ఠ గడువు పెట్టించండి: పై చెల్లింపు వచ్చినా రాకపోయినా, బిల్లు ఇచ్చిన ఇన్ని రోజుల తర్వాత చెల్లించాల్సిందే అని. ప్రధాన కాంట్రాక్టరు తప్పు వల్లే పైనుంచి డబ్బు ఆగితే ఆ షరతు వర్తించదన్న వాక్యం కూడా చేర్చండి. కొన్ని దేశాల చట్టం అలాంటి షరతును చెల్లనివ్వదు. స్థానిక న్యాయవాదిని ఈ ఒక్క ప్రశ్న అడగడానికైనా కలవండి.

కరెన్సీ

2016 నవంబరు 3న ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కు వదిలేసింది. కొద్ది వారాల్లో దాని విలువ సగానికి పడిపోయింది. పాత ధరకు ఒప్పుకున్న కాంట్రాక్టర్లు దిగుమతి సామగ్రి కొనలేని స్థితికి వచ్చారు. ప్రభుత్వ పనులు పట్టిన వాళ్లకు పరిహారం ఇచ్చేందుకు 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. 1997 జులైలో థాయ్‌లాండ్ బాత్‌ను వదిలేసినప్పుడు కూడా సగంలో నిలిచిన కట్టడాలు బ్యాంకాక్‌లో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. ప్రైవేటు విదేశీ యజమాని దగ్గర పని పట్టిన వాళ్ల కోసం ప్రభుత్వం పరిహార చట్టం చేస్తుందని ఆశించలేం. కాబట్టి రక్షణ ఒప్పందంలోనే ఉండాలి.

చేయాల్సిన పని: మీ ఖర్చును పట్టికగా విడదీయండి. సిమెంటు, కంకర, కూలీ, రవాణా స్థానికం. స్టీలు దేశంలో చుట్టినా బిల్లెట్ (రాడ్లుగా చుట్టే ముడి స్టీలు దిమ్మె) బయటి నుంచి వస్తే దాని ధర డాలరు వెంటే నడుస్తుంది. డీజిల్, టైర్లు, విడిభాగాలు, షట్టరింగ్ ప్లై, వాటర్‌ప్రూఫింగ్, కేబుల్ కూడా అంతే. ఇలా చూస్తే స్థానికమనుకున్న పనిలో కూడా డాలరు భాగం పైకి తేలుతుంది. ఆ నిష్పత్తిలోనే చెల్లింపు కరెన్సీలు అడగండి. మొత్తం డాలర్లలో అడగడం తెలివి కాదు. స్థానిక కరెన్సీ బలపడితే, లేదా దేశంలో ధరలు పెరిగి మారకపు రేటు కదలకుండా ఉంటే, కూలీ బిల్లు మిమ్మల్ని ముంచుతుంది. మారకపు రేటు ఏ తేదీది అన్నదీ రాసుకోండి. రెడ్ బుక్‌లో వేరే రేటు రాయకపోతే టెండరు గడువుకు 28 రోజుల ముందున్న బేస్ డేట్ నాటి కేంద్ర బ్యాంకు రేటే వర్తిస్తుంది.

ధరల సవరణ సూత్రం ఉంటే దాని గుణకాలు మీరే ప్రతిపాదించండి. ఉదాహరణ: మారని భాగం 0.15, కూలీ 0.25, సిమెంటు 0.15, స్టీలు 0.25, ఇంధనం 0.20. కూలీ సూచీ 8 శాతం, సిమెంటు 10, స్టీలు 40, ఇంధనం 30 శాతం పెరిగితే లెక్క 0.15 + 0.27 + 0.165 + 0.35 + 0.26 = 1.195. అంటే బిల్లు 19.5 శాతం పెరుగుతుంది. ఇదే ఒప్పందంలో మారని భాగం 0.40 చేసి మిగతావి అదే నిష్పత్తిలో తగ్గిస్తే పెంపు 14 శాతం దగ్గర ఆగుతుంది. సున్నాలు, దశాంశాలే కదా అని గుణకాల పట్టిక ఖాళీగా వదిలేస్తే ఇంకా దారుణం: రెడ్ బుక్ ప్రకారం సర్దుబాటు పట్టిక లేకపోతే ఆ క్లాజే వర్తించదు.

సూచీ ఎవరు ప్రచురిస్తారో కూడా చూడండి. అధికారిక రేటుతో లెక్కగట్టిన స్టీలు సూచీ, మార్కెట్లో డాలరు దొరకని రోజుల్లో నిజమైన ధరను చూపించదు.

పన్నుకోసం చీల్చిన కాంట్రాక్టు

పన్ను ఒప్పందాల ప్రకారం విదేశీ సంస్థకు వ్యాపార లాభంపై ఒక దేశంలో పన్ను బాధ్యత మొదలయ్యేది అక్కడ స్థిర వ్యాపార కేంద్రం ఏర్పడినప్పుడు. నిర్మాణ సైట్ విషయంలో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) నమూనా పన్ను ఒప్పందం 12 నెలలు దాటాలంటుంది, ఐక్యరాజ్యసమితి నమూనా 6 నెలలే అంటుంది. రెండు దేశాల మధ్య ఉన్న అసలు ఒప్పందంలో ఏముందో అదే చెల్లుతుంది. ఈ కారణంగా ఒకే పనిని రెండుగా చీల్చడం పరిపాటి: యంత్రాలు, డిజైన్ బయటి సరఫరా ఒప్పందంలోకి, సివిల్ పని, బిగింపు స్థానిక ఒప్పందంలోకి.

చీల్చడంలో తప్పేమీ లేదు. కానీ లాభమంతా మొదటి దాంట్లో పేర్చి, రెండో దాన్ని ఎముకల గూడులా వదిలి, మిమ్మల్ని ఆ రెండోదాంట్లో మాత్రమే భాగస్వామిని చేస్తారు. యంత్రం రేవులో మూడు నెలలు ఆలస్యమైతే సైట్ ఖర్చు మీకు ఎక్కుతుంది, ఆ ఆలస్యం మాత్రం మీరు సంతకం చేయని ఒప్పందంలో ఉంటుంది. మందు: ఒక ఒప్పందంలోని ఆలస్యం రెండోదానికి గడువు పొడిగింపు, ఖర్చు హక్కు ఇస్తుందని రాసిన వంతెన పత్రం, మీ సంతకంతో. మూలంలో కోసే పన్ను ఎవరి ఖాతాలోదో, ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా ఇక్కడే తేల్చుకోండి.

జాయింట్ వెంచరా, సబ్‌కాంట్రాక్టా?

చిన్న, మధ్యస్థాయి సంస్థకు మంచి సబ్‌కాంట్రాక్టే మేలు. జాయింట్ వెంచర్‌లో యజమాని ముందు భాగస్వాములు ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు. మీ వాటా 20 శాతమే అయినా, అవతలి వాడు వెళ్లిపోతే నూరు శాతం పనికి మిమ్మల్నే పట్టుకోవచ్చు. టెండరు అర్హత కోసమో, స్థానిక భాగస్వామి తప్పనిసరన్న నిబంధన కోసమో మీ పేరు వాడుకుంటున్నారంటే ఈ బాధ్యత ఉచితంగా ఇస్తున్నారన్నమాట.

అయినా దిగితే, ఒప్పందంలో ఇవి లేకుండా వద్దు. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు. డబ్బు వేయమన్న పిలుపుకు గడువు, వేయలేకపోతే వాటా ఏ సూత్రం ప్రకారం తగ్గుతుందో. కార్యాలయ ఖర్చుల పేరిట ప్రధాన భాగస్వామి తీసుకునే శాతానికి పరిమితి. విదేశీ సిబ్బంది నెల రేట్లు, ఎంతమంది, ఎన్ని నెలలు. అన్నిటికంటే ముఖ్యం యంత్రాల అద్దె. విదేశీ భాగస్వామి తన క్రేన్లు, బ్యాచింగ్ ప్లాంటు తానే నిర్ణయించిన అద్దెకు జాయింట్ వెంచర్‌కు ఇస్తాడు. అద్దెలోనే లాభం తీసేసుకుంటాడు. చివరకు ఉమ్మడి ఖాతాలో లాభం సున్నా, మీ వాటా సున్నాలో 20 శాతం. యంత్రం పేరు, తయారైన సంవత్సరం, నెల అద్దె, ఖాళీగా ఉన్న రోజుల రేటు, మరమ్మతు ఎవరిది అన్నవన్నీ అనుబంధంలో పట్టికగా ఉండాలి. మీ యంత్రాలకూ అదే పట్టిక వర్తించాలి.

సాంకేతికత బదిలీ అన్న మాట ఒప్పందాల పీఠికలో అందంగా ఉంటుంది. దాన్ని పనిలోకి తేవాలంటే పదవులు రాయించండి: ప్లానింగ్, క్వాలిటీ, పోస్ట్ టెన్షనింగ్, సర్వే విభాగాల్లో విదేశీ నిపుణుడి పక్కన మీ ఇంజనీరు ఒకరు, ఫలానా నెల నుంచి. మెథడ్ స్టేట్‌మెంట్లు, షాప్ డ్రాయింగుల మూల ఫైళ్లు పని అయ్యాక మీకు ఇవ్వాలి.

డ్రాయింగులో ప్రమాణాలు

ధర వేసేటప్పుడే దొర్లే పొరపాటు ఇది. విదేశీ డిజైనర్ కాంక్రీటు బలం 30 మెగాపాస్కల్ అని రాస్తే అది క్యూబుదా, సిలిండరుదా? అమెరికా పద్ధతిలో అది 150 మిల్లీమీటర్ల వ్యాసం, 300 ఎత్తున్న సిలిండరు బలం. యూరప్ పద్ధతిలో సి30/37 అని రాస్తారు: సిలిండరు 30, క్యూబు 37. క్యూబు పరీక్షకు అలవాటైన సంస్థ దాన్ని 30 గ్రేడు క్యూబుగా అనుకుని మిక్స్ వేస్తే, బలం ఒక గ్రేడుకు పైగా తక్కువ. సిలిండరు బలం క్యూబు బలంలో సుమారు 0.8 వంతు అన్న గుర్తు పెట్టుకుంటే ఈ తప్పు జరగదు. సిమెంటు తేడా క్యూబిక్ మీటరుకు చిన్నగానే కనిపిస్తుంది, వేల క్యూబిక్ మీటర్లకు లెక్కేస్తే లాభం కరిగిపోతుంది.

స్టీలూ అంతే. అమెరికా గ్రేడ్ 60 అంటే 420 మెగాపాస్కల్, యూరప్ బీ500బీ అంటే 500. వాళ్ల 8 నంబరు రాడ్ వ్యాసం 25.4 మిల్లీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం 510 చదరపు మిల్లీమీటర్లు. బదులుగా 25 మిల్లీమీటర్ల రాడ్ వేస్తే 491, అంటే దాదాపు 4 శాతం తక్కువ. మార్చుకోవచ్చు, కానీ డిజైనర్ రాతపూర్వక అంగీకారంతోనే. వేసేశాక అడిగితే కూల్చమనే అవకాశం ఎక్కువ. కొలతల పద్ధతి ఏదో కూడా చూడండి. రాడ్ అతివ్యాప్తి, కత్తిరింపు వృథా, తవ్వకంలో పని చోటు అదనంగా కొలుస్తారా, రేటులోనే కలిసి ఉన్నట్టా అన్నది ఒక్కో పద్ధతిలో ఒక్కోలా ఉంటుంది.

రుణదాతల నియమాలు

ప్రాజెక్టులో ఐఎఫ్‌సీ (ప్రపంచ బ్యాంకు గ్రూపులో ప్రైవేటు రంగానికి డబ్బిచ్చే సంస్థ) డబ్బు ఉంటే, లేదా ఈక్వేటర్ సూత్రాలు (బ్యాంకులు స్వచ్ఛందంగా పాటించే పర్యావరణ, సామాజిక నియమాలు) ఒప్పుకున్న బ్యాంకు ఉంటే, ఐఎఫ్‌సీ 8 పనితీరు ప్రమాణాలు మీ సైట్‌కూ వస్తాయి. వీటిలో రెండోది కార్మికుల గురించి, అయిదోది భూమి, పునరావాసం గురించి. బాలకార్మికులు, చేతికి అందని కూలీ, కార్మికుల శిబిరంలో మరుగుదొడ్లు, ఫిర్యాదుల పుస్తకం అన్నీ తనిఖీలోకి వస్తాయి. లోపం తేలితే బ్యాంకు తన విడత ఆపుతుంది. ఆ ఆగిన డబ్బులో మీ బిల్లూ ఉంటుంది. మేస్త్రీల కింద పనిచేసే గుంపు కూలీల హాజరు, చెల్లింపు రికార్డు కూడా మీ దగ్గరే ఉండాలి. మేస్త్రీకి ఇచ్చేశామన్న మాట అక్కడ చెల్లదు. ఈ ఖర్చులకు ధరల పట్టికలో విడి వరుస పెట్టండి, ఓవర్‌హెడ్‌లో కలపకండి.

నోటీసు

ఫిడిక్ 1999లో, ఒక సంఘటన తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన 28 రోజుల్లోగా క్లెయిము నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే గడువూ లేదు, డబ్బూ లేదు. వివరాలకు 42 రోజులు. 2017లో నోటీసు గడువు అదే, పూర్తి వివరాలకు 84 రోజులు. మీరు సబ్‌కాంట్రాక్టరైతే మీ నోటీసు ప్రధాన కాంట్రాక్టరు చేతికి అంతకంటే ముందే అందాలి. సబ్‌కాంట్రాక్టులో 14 రోజులనో 21 రోజులనో ఉంటుంది.

నోటీసు పొడవుగా ఉండనక్కర్లేదు. తేదీ, ఏం జరిగింది, ఏ క్లాజు కింద, గడువు, ఖర్చు హక్కులు కాపాడుకుంటున్నామన్న వాక్యం. ఇంత చాలు. ఎంత డబ్బో ఆ రోజు తెలియకపోయినా ఫర్వాలేదు. సంబంధం చెడుతుందని నోటీసు ఆపుకునేవాళ్లు చాలామంది. అవతలి సంస్థలో ఈ పనికే ఒక కాంట్రాక్ట్స్ మేనేజర్ జీతం తీసుకుంటున్నాడు, ఆయన నొచ్చుకోడు. సమావేశంలో చెప్పాం, వాట్సాప్‌లో రాశాం అన్నవి నోటీసుగా చెల్లుతాయో లేదో ఒప్పందంలోని చిరునామాల క్లాజు చెబుతుంది. చెల్లకపోవడమే మామూలు.

రోజువారీ రికార్డు ఎప్పటికప్పుడు రాయండి: కూలీల సంఖ్య పని వారీగా, నడిచిన, ఆగిన యంత్రాలు, వాన, అందిన డ్రాయింగు సవరణ నంబరు, తేదీతో ఫొటోలు. రెండో పక్షం సంతకం ఉంటే మంచిది. సంతకం పెట్టకపోతే ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపండి.

వివాదం వస్తే

1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో చేరిన దేశాల్లో విదేశీ మధ్యవర్తిత్వ తీర్పును అమలు చేయించుకోవచ్చు. కాబట్టి అవతలి సంస్థ ఆస్తులు ఏ దేశంలో ఉన్నాయో అది సభ్యదేశమో కాదో చూడండి. మధ్యవర్తిత్వ స్థానం మీకు విమాన టికెట్టు భారం కాని చోట ఉండాలి. సబ్‌కాంట్రాక్టు విలువ చిన్నదైతే ముగ్గురు మధ్యవర్తులకు ఒప్పుకోకండి, ఒక్కరు చాలు. ముగ్గురి ఫీజు క్లెయిమును మింగేస్తుంది.

ఒక అసమానత తెలిసి ఉండాలి. పెట్టుబడి వివాదాల కోసం ప్రపంచ బ్యాంకు చొరవతో పుట్టిన ఇక్సిడ్ ఒప్పందం 1966 నుంచి అమల్లో ఉంది. రెండు దేశాలూ అందులో ఉండి, ఆతిథ్య దేశం అంగీకారం ఇచ్చి ఉంటే, దాని కింద విదేశీ పెట్టుబడిదారు ఏకంగా ఆ దేశ ప్రభుత్వం మీద కేసు వేయవచ్చు. మొరాకోలో హైవే కట్టిన ఇటలీ కంపెనీల కేసులో, సలీని కేసుగా పేరుపడిన దాంట్లో, 2001లో ట్రిబ్యునల్ నిర్మాణ కాంట్రాక్టు కూడా పెట్టుబడేనని అంగీకరించింది. వనరులు పెట్టడం, కొంతకాలం సాగడం, నష్టభయం మోయడం, దేశాభివృద్ధికి తోడ్పడటం అన్నవి అక్కడి కొలమానాలు. ఈ దారి విదేశీ భాగస్వామికి ఉంది, మీకు లేదు. సొంత ప్రభుత్వం మీద అక్కడికి వెళ్లలేరు. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని మిగా ఇచ్చే రాజకీయ నష్టభయ బీమా కూడా సరిహద్దు దాటి వచ్చిన పెట్టుబడికే. ప్రభుత్వ చర్య వల్ల పని ఆగి, విదేశీ భాగస్వామికి పరిహారమో బీమా సొమ్మో వస్తే అందులో మీ నష్టం వాటా ఎంతో ఒప్పందంలో ముందే రాసుకోండి. ఈ క్లాజు అడిగేవాళ్లు తక్కువ. అడిగితే తరచూ ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ రోజు రాదని వాళ్ల నమ్మకం.

గ్యారంటీలు, ముగింపు దాకా

పనితీరు గ్యారంటీ సాధారణంగా 5 నుంచి 10 శాతం. అడగ్గానే చెల్లించే రకమైతే, వివాదం ఉన్నా బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది. అది యూఆర్‌డీజీ 758 (అంతర్జాతీయ వాణిజ్య మండలి వారి గ్యారంటీ నియమాలు)కు లోబడి ఉండేలా చూడండి. వాటి ప్రకారం ఏ ఉల్లంఘన జరిగిందో తెలిపే ప్రకటన డిమాండుతో పాటు ఇవ్వాలి. అడ్వాన్సు గ్యారంటీ మొత్తం, అడ్వాన్సు కోత పడిన కొద్దీ దానంతటదే తగ్గాలన్న వాక్యం గ్యారంటీ పాఠంలోనే ఉండాలి, కాంట్రాక్టులో ఉంటే చాలదు. బ్యాంకు కాంట్రాక్టు చదవదు. విదేశీ యజమాని తన దేశపు బ్యాంకు గ్యారంటీయే కావాలంటే మీ బ్యాంకు ఆ విదేశీ బ్యాంకుకు కౌంటర్ గ్యారంటీ (ఎదురు హామీ) ఇవ్వాలి, రెండు బ్యాంకుల కమీషన్లూ మీవే. ఆ ఖర్చును ధరలో చూపండి. గడువు ముగింపు తేదీ దగ్గర పడగానే "పొడిగించు, లేదా చెల్లించు" అన్న డిమాండు వస్తుంది. దానికి ఒక నెల ముందే, పొడిగింపుకు కారణమైన ఆలస్యం ఎవరిదో చెప్పి, అదనపు కమీషన్‌కు నోటీసు ఇచ్చి ఉండండి.

పని అప్పగించినప్పుడు సగం రిటెన్షన్, లోపాల కాలం ముగిశాక మిగతా సగం. ఈ రెండో సగం కోసం వెంటపడాలని ఎవరికీ గుర్తుండదు. అప్పటికి విదేశీ సంస్థ సైట్ ఆఫీసు ఎత్తేసి ఉంటుంది, మీరు నోటీసు పంపాల్సిన చిరునామాలో తాళం ఉంటుంది. అప్పగింత పత్రం తీసుకునే రోజే మాతృసంస్థ చిరునామా, చెల్లింపు బాధ్యుడి పేరు రాతలో తీసుకోండి. లోపాల జాబితా మీద తేదీలతో సంతకం పెట్టించండి. గ్యారంటీ గడువు తీరినా స్థానిక చట్టం, బ్యాంకు పద్ధతిని బట్టి మూల పత్రం తిరిగి వచ్చేదాకా మార్జిన్ సొమ్ము వదలని బ్యాంకులుంటాయి. కాబట్టి విడుదల లేఖ, గ్యారంటీ మూల పత్రం రెండూ బ్యాంకులో అప్పగించి రసీదు తెచ్చుకున్నాకే ఆ ప్రాజెక్టు ఫైలు మూయండి.